జరగని యాత్రకు డబ్బెందుకు కట్టాలి?

2025 సెప్టెంబర్ 8న నేపాల్ యువత వీధుల్లోకి వచ్చింది. 26 సామాజిక మాధ్యమాలను ఆపేసిన ప్రభుత్వం మీద, ఏళ్ల తరబడి పేరుకుపోయిన అవినీతి మీద వాళ్ల ఆగ్రహం. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు భవనం, ప్రభుత్వ సచివాలయమైన సింహ దర్బార్, సుప్రీంకోర్టు, కాఠ్మాండూలోని హిల్టన్ హోటల్ తగలబడ్డాయి. త్రిభువన్ విమానాశ్రయం మూతపడింది. ముక్తినాథ్‌కో పశుపతినాథ్‌కో మానససరోవరానికో బయల్దేరిన తెలుగువాళ్లు 200 మందికి పైగా ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేసి చాలామందిని విశాఖపట్నానికి, తిరుపతికి చేర్చింది.

మనుషులు ఇళ్లకు చేరారు. ఆ రోజుల్లో నేపాల్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు, సగంలో తిరిగొచ్చినవాళ్లు డబ్బు సంగతి ఎత్తితే మాత్రం అందరి నోటా ఒకటే మాట: "ట్రావెల్స్ వాళ్లేం చేస్తారు, పాపం?" 2022లో శ్రీలంక అట్టుడికినప్పుడూ, 2024లో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలినప్పుడూ వినిపించిన మాటే ఇది. ట్రావెల్స్ యజమానులే కాదు, డబ్బు పోగొట్టుకున్నవాళ్ల బంధువులు కూడా ఇదే అంటారు.

ఆ వాదనను దాని పూర్తి బలంతోనే చెబుతాను. టూర్ ఆర్గనైజర్ అల్లర్లు చేయించలేదు. అతను చిన్న వ్యాపారి. హోటళ్లకు, బస్సులకు, విమానాలకు ముందే డబ్బు కట్టేశాడు, అది అతనికి తిరిగి రాదు. పరాయి దేశం వెళ్లడమంటేనే కొంత రిస్కు, అది తెలిసే బయల్దేరారు. రిస్కు వద్దనుకుంటే ఇన్సూరెన్స్ ఉంది. పైగా అతను చేతులెత్తేయడం లేదు, వచ్చే ఏడాది వెళ్లడానికి వోచర్ ఇస్తానంటున్నాడు. ప్రాణాలతో తిరిగొచ్చాక డబ్బు కోసం పోట్లాడటం ఏం మర్యాద?

వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. ఒక్కో మాటా విడదీసి చూస్తే ఏదీ నిలబడదు.

1. "తప్పు అతనిది కాదు"

కాదు. ఒప్పుకుంటున్నాను. అయితే తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడికి ఎందుకొచ్చింది? అది నష్టపరిహారం అడిగినప్పుడు వేయాల్సిన ప్రశ్న. నా యాత్ర చెడింది, నా మనసు కష్టపడింది, అందుకు లక్ష రూపాయలివ్వు అని ఎవరైనా అడిగితే, "నా తప్పేముంది?" అని ఆర్గనైజర్ ఎదురడగడం సబబే. రీఫండ్ అడిగేవాళ్లు పరిహారం అడగటం లేదు. ముక్తినాథ్ తీసుకెళ్తానని తీసుకున్న డబ్బు, ముక్తినాథ్ తీసుకెళ్లలేదు కాబట్టి వెనక్కి ఇమ్మంటున్నారు. దీనికి ఎవరి తప్పూ రుజువు కానక్కర్లేదు. ఇస్తానన్న సేవ ఇచ్చాడా లేదా అన్నదొక్కటే లెక్క. పరిహారాన్నీ రీఫండ్‌నూ ఒకే గాట కట్టడమే ఈ వాదనలోని మొదటి పొరపాటు. మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి.

"నష్టం ఎవరి మీద పడితే వాళ్లే భరించాలి" అన్న సూత్రం ఒకప్పుడు న్యాయస్థానాల్లో కూడా చెల్లింది. 1902లో ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఊరేగింపు చూడటానికి లండన్‌లో ఒకతను గది అద్దెకు తీసుకున్నాడు. వంద పౌండ్లు ముందే కట్టాడు. రాజుకు జబ్బు చేసి ఊరేగింపు ఆగిపోయింది. కట్టిన వంద తిరిగి రాదు, మిగిలిన బాకీ కూడా కట్టాల్సిందేనని 1904లో కోర్టు చెప్పింది. ఈ రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న తర్కం సరిగ్గా ఆ తీర్పులోదే.

ఆ తీర్పును అక్కడి అత్యున్నత న్యాయస్థానమే 1942లో పక్కన పెట్టింది. పోలండ్ కంపెనీ ఒకటి ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఫ్యాక్టరీకి యంత్రాల కోసం వెయ్యి పౌండ్లు అడ్వాన్సు ఇచ్చింది. 1939లో జర్మనీ పోలండ్‌ను ఆక్రమించడంతో యంత్రాలు పంపే దారి లేకుండా పోయింది. ఆ యుద్ధంలో లీడ్స్ ఫ్యాక్టరీ తప్పు రవ్వంత కూడా లేదు. అయినా అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సిందేనన్నారు. ఒక్క యంత్రమూ అందనప్పుడు ఆ డబ్బు ఉంచుకోవడానికి ఆధారమేమిటన్నదే అక్కడి ప్రశ్న.

మన దేశం అంతదాకా ఆగనక్కర్లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే దీనికి జవాబుంది. ఎవరి చేతిలోనూ లేని సంఘటన వల్ల ఒప్పందం అమలు అసాధ్యమైతే అది చెల్లదని 56వ సెక్షన్ అంటుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దాన్ని తిరిగి ఇచ్చేయాలి, లేదా తగిన మూల్యం చెల్లించాలని 65వ సెక్షన్ అంటుంది. పది రోజుల యాత్రలో నాలుగు రోజులు తిప్పితే ఆ నాలుగు రోజుల ఖర్చు ఆర్గనైజర్ ఉంచుకోవచ్చు. మిగతా ఆరు రోజుల డబ్బు అతనిది కాదు.

విమానాల సంగతి ఇంకా తేటగా ఉంది. రాజకీయ అస్థిరత, అంతర్యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఉత్తర్వుల వంటి కారణాలతో విమానం రద్దయితే ఎయిర్‌లైన్స్ పరిహారం ఇవ్వనక్కర్లేదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. టికెట్ డబ్బు ఇవ్వనక్కర్లేదని మాత్రం అందులో ఎక్కడా లేదు. వేరే విమానమైనా ఇవ్వాలి, రీఫండ్ అయినా ఇవ్వాలి. పరిహారం వేరు, ధర వేరు అన్న తేడా మన ప్రభుత్వ నిబంధనల్లోనే ఇంత స్పష్టంగా ఉండగా, అదే విమానం టికెట్ ఒక ప్యాకేజీలో భాగమైనంత మాత్రాన ఆ తేడా ఎలా చెరిగిపోతుంది?

2. "బ్రోచర్‌లో రాసి ఉంది, సంతకం పెట్టారు"

అల్లర్లు, యుద్ధం, ప్రకృతి వైపరీత్యం వస్తే డబ్బు తిరిగి ఇవ్వబడదని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. చాలా తీర్థయాత్ర టూర్లకు ఆ కాగితం కూడా ఉండదు. ఫోన్‌పేలో అడ్వాన్సు, వాట్సాప్‌లో రూట్ ప్లాన్, అంతే. గొడవ వచ్చాకే "రూల్స్" బయటికొస్తాయి. కాగితం ఉన్నచోట కూడా అదే చివరి మాట కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్షంగా ఉన్న ఒప్పందాన్ని "అన్యాయమైన ఒప్పందం" కింద లెక్కగట్టి, దాన్ని సవాలు చేసే హక్కు ఇచ్చింది. అదే ఏడాది ఒక బిల్డర్ కేసులో సుప్రీంకోర్టు, కొనేవాడికి చుక్కల గీత మీద సంతకం చేయడం తప్ప మరో దారి లేకుండా రాసిన ఏకపక్ష షరతులు అతన్ని కట్టిపడేయలేవని తేల్చింది. ఫ్లాటుకు వర్తించిన న్యాయం యాత్రకు వర్తించదనడానికి నాకు కారణం కనిపించదు.

3. "ముందే కట్టేశాం, అది మాకు తిరిగి రాదు"

ఈ మొత్తం వాదనలో నేను గౌరవించే మాట ఇదొక్కటే. ఇందులో కొంత నిజముంది. వీసాకు, పర్మిట్లకు కట్టిన రుసుము సాధారణంగా వెనక్కి రాదు. సీజన్‌లో గదులు పట్టుకోవాలంటే నిజంగానే ముందు డబ్బు కట్టాలి. అలాంటి ఖర్చును ఇద్దరూ పంచుకోవడం అన్యాయం కాదు. 1942 తీర్పు తర్వాత బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం కూడా, ఒప్పందం కోసం నిజంగా పెట్టిన ఖర్చులను మినహాయించుకునే వీలు ఇచ్చింది.

అయితే "ఖర్చయింది" అనడం వేరు, ఖర్చు చూపించడం వేరు. హోటల్‌కు ఎంత పంపారు, ఏ తేదీన పంపారు, హోటల్ ఎంత వెనక్కి ఇవ్వనంది? రసీదులు చూపిస్తే మాట్లాడుకోవచ్చు. కానీ మనవాళ్లకు అందే జవాబు సాధారణంగా ఒక శాతం రూపంలో వస్తుంది. "క్యాన్సిలేషన్ 50 శాతం", "ప్రయాణానికి వారం లోపయితే 100 శాతం." ఈ శాతాలు ప్రయాణికుడు తనంతట తాను మానుకున్నప్పటి కోసం రాసుకున్నవి. విమానాశ్రయం మూతపడితే మానుకున్నది ప్రయాణికుడు కాదు. ఎవరూ వెళ్లలేని రోజున "మీరు క్యాన్సిల్ చేసుకున్నారు" అని రాయడం అబద్ధపు లెక్క.

ఇంకో సంగతి. కాఠ్మాండూ విమానాలు ఆగినప్పుడు మన ఎయిర్‌లైన్స్ తేదీ మార్పు, రద్దు చార్జీలను మినహాయించాయి. అంటే ప్యాకేజీలో విమానం టికెట్ డబ్బు చాలావరకు ఆర్గనైజర్‌కు తిరిగొచ్చేదే. అది అతని ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి ప్రయాణికుడికి చేరకపోతే దాన్ని నష్టమనలేం. ఒకరి నష్టం మీద ఇంకొకరికి మిగిలిన లాభం అది. అందుకే నేనంటాను: లెక్క చూపకుండా "తిరిగి రాదు" అనే హక్కు ఎవరికీ లేదు.

చిన్న వ్యాపారి కదా అంటారు. ప్రయాణికుడు ఎవరు మరి? రిటైర్మెంట్ డబ్బులో కొంత తీసి, జీవితంలో ఒక్కసారి మానససరోవరం చూడాలనుకున్న టీచరు. చీటీ పాడుకున్న డబ్బుతో దంపతులిద్దరూ బయల్దేరిన చిన్న కుటుంబం. ఏడాదికి ఎన్నో గ్రూపులను నడిపే ఆర్గనైజర్ ఒక గ్రూపు నష్టాన్ని మిగతావాటి మీద సర్దుకోగలడు, ధరలో ముందే కొంత కలుపుకోగలడు, హోటల్‌తో బేరమాడగలడు, ఎయిర్‌లైన్‌ను అడగగలడు. ఆ టీచరుకు ఇందులో ఏదీ చేతకాదు. నష్టాన్ని మోయగలిగినవాడిని వదిలేసి మోయలేనివాళ్ల మీద పెట్టడాన్ని జాలి అని ఎలా అంటాం?

4. "రిస్కు తెలిసే వెళ్లారు"

ఆగస్టులో డబ్బు కట్టినవాళ్లకు సెప్టెంబర్ 9న పార్లమెంటు తగలబడుతుందని తెలుసా? నేపాల్ ప్రభుత్వానికే తెలియలేదు. ఇంతకంటే ఈ మాట మీద సమయం పెట్టనక్కర్లేదు.

5. "ఇన్సూరెన్స్ ఉంది కదా"

పాలసీ పత్రం తెరిచి చదివినవాళ్లు ఈ మాట అనరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ముఖ్యంగా జబ్బు, ప్రమాదం, సామాను పోవడం, ఆస్పత్రి ఖర్చుల కోసం తయారైనది. ప్రయాణ రద్దుకు రక్షణ ఉన్న పాలసీల్లో కూడా ఏయే కారణాలకు చెల్లిస్తారో జాబితా ఉంటుంది. కుటుంబంలో మరణం, తీవ్రమైన అనారోగ్యం వంటివి అందులో ఉంటాయి. యుద్ధం, తిరుగుబాటు, అంతర్గత కల్లోలం చాలా పాలసీల్లో మినహాయింపుల కింద పోతాయి. గొడవ వార్తల్లోకి వచ్చాక పాలసీ తీసుకుంటే, ముందే తెలిసిన ప్రమాదమని క్లెయిము తోసిపుచ్చుతారు. గొడవకు ముందు తీసుకుంటే అది మినహాయింపు, తర్వాత తీసుకుంటే తెలిసిన ప్రమాదం. ప్రయాణికుడు ఎటు తిరిగినా గోడే.

ఒకవేళ ఏదో పాలసీ చెల్లిస్తుందనే అనుకుందాం. అందని సేవకు డబ్బు ఉంచుకునే హక్కు ఆర్గనైజర్‌కు అప్పుడైనా ఎలా వస్తుంది? నా ఇన్సూరెన్స్ నాకూ నా బీమా కంపెనీకీ మధ్య వ్యవహారం. ప్రీమియం నేను కట్టాలి, రక్షణ మాత్రం అతని లాభానికి కావాలా? ఇన్సూరెన్స్ అంత తేలికైన పరిష్కారమైతే, డబ్బు తీసుకునే సంస్థే తన పేరిట తీసుకోవచ్చు. రాజకీయ రిస్కుకు బీమా ధర ఎంతో వందల మందిని పంపే సంస్థ కనుక్కోగలదు, ఒంటరి ప్రయాణికుడు కనుక్కోలేడు.

6. "వోచర్ ఇస్తామన్నారుగా"

వోచర్ అంటే నా డబ్బును నేను ఆర్గనైజర్‌కు వడ్డీ లేకుండా అప్పివ్వడం. ఆ అప్పు ఎప్పుడు తీరుతుందో, అప్పటి ధరెంతో, 68 ఏళ్ల మనిషి మోకాళ్లు వచ్చే ఏడాది ముక్తినాథ్ మెట్లెక్కనిస్తాయో ఎవరికీ తెలియదు. ఇష్టపడి తీసుకుంటే అభ్యంతరం లేదు. గత్యంతరం లేక తీసుకుంటే దాన్ని పరిష్కారమని పిలవకూడదు.

కోవిడ్ కాలంలో ఈ చర్చ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020 అక్టోబర్ 1న ఇచ్చిన తీర్పులో, లాక్‌డౌన్ సమయంలో బుక్ చేసిన టికెట్ల డబ్బు వెంటనే తిరిగి ఇమ్మన్నారు. అంతకుముందు బుక్ చేసినవాటికి, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న ఎయిర్‌లైన్స్‌కు నగదు బదులు క్రెడిట్ షెల్, అంటే తర్వాతి ప్రయాణానికి వాడుకునే జమ, ఇచ్చే వెసులుబాటు దొరికింది. ఊరికే దొరకలేదు. ఆ మొత్తం విలువను నెలనెలా పెంచుతూ పోవాలన్నారు, వేరొకరికి బదిలీ చేసుకోవచ్చన్నారు, 2021 మార్చి 31 లోపు వాడుకోకపోతే నగదు ఇవ్వాలన్నారు. ప్రపంచమంతా స్తంభించిన మహమ్మారిలోనే వోచర్‌కు ఇన్ని షరతులు పెట్టిన దేశం మనది. ఒక పొరుగు రాజధానిలో కొద్దిరోజుల గొడవకు, షరతుల్లేని వోచర్ చేతిలో పెట్టి తృప్తి పడమనడం ఏ న్యాయం?

పైగా వోచర్ విలువ దాన్ని ఇచ్చిన సంస్థ బతికున్నంతవరకే. 2023 మే నెలలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్స్ దివాలా దాఖలు చేశాక ఆ సంస్థ టికెట్లు, క్రెడిట్ షెల్ ఉన్న ప్రయాణికులు అప్పులవాళ్ల వరుసలో నిలబడ్డారు. బ్యాంకులకే దిక్కులేని ఆ వరుసలో ప్రయాణికుడి చోటు ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు.

7. "భయపడి మానుకుంటే మేమేం చేస్తాం?"

ఇక్కడ ఒక నిజమైన తేడా ఉంది, దాన్ని దాటవేయను. 2011 జనవరి, ఫిబ్రవరిల్లో కైరో భగ్గుమన్నప్పుడు ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న షర్మ్ అల్ షేక్ రిసార్టులు నడుస్తూనే ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వం కైరోకు వెళ్లొద్దంది, ఆ రిసార్టులకు వెళ్లొద్దనలేదు. టీవీలో తాహ్రీర్ చౌక్ చూసి, వందల కిలోమీటర్ల దూరంలోని బీచ్ సెలవును రద్దు చేసుకున్నవాళ్లకు పూర్తి డబ్బు ఇవ్వమంటే ఏ వ్యాపారమూ నిలవదు. భయం ఒక్కటే కొలమానం కాకూడదు.

అయితే కొలమానం ఏది? ఐరోపా సమాఖ్య 2015లో ఒకటి రాసుకుంది. గమ్యస్థానంలో గానీ దాని చుట్టుపక్కల గానీ తప్పించలేని అసాధారణ పరిస్థితి వచ్చి, యాత్రను గట్టిగా దెబ్బతీస్తే, బయల్దేరకముందు ప్రయాణికుడు పైసా చార్జీ లేకుండా రద్దు చేసుకోవచ్చు. మొత్తం డబ్బు 14 రోజుల్లో తిరిగి రావాలి. పరిహారం మాత్రం అడగకూడదు. ప్రయాణంలో ఉండగా తిరిగొచ్చే దారి మూసుకుపోతే, సాధారణంగా మూడు రాత్రుల దాకా బస నిర్వాహకుడే చూడాలి. పరిహారం లేదు, ధర మాత్రం వెనక్కి. నేను మొదట్నుంచీ చెబుతున్న తేడానే అక్కడ చట్టమైంది. దానివల్ల అక్కడ టూర్ వ్యాపారమేమీ ఆగిపోలేదు.

2025 సెప్టెంబర్ 9న మన విదేశాంగ శాఖ, నేపాల్ పరిస్థితి కుదుటపడేదాకా ప్రయాణాలు వాయిదా వేసుకోమని పౌరులకు చెప్పింది. స్వయంగా ప్రభుత్వం వెళ్లొద్దన్నాక వెళ్లని మనిషిని "తనంతట తాను మానుకున్నాడు" అని ఎలా అంటాం? అయినా ఆ సలహాకూ ప్రయాణికుడి డబ్బుకూ మధ్య మన చట్టంలో నేరుగా లంకె లేదు. ప్రభుత్వ సలహా ఒక ప్రకటనగా మిగిలిపోతోంది.

ఆ లంకె లేకపోవడం వల్ల జరిగే అనర్థమే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతోంది. వెళ్తే ప్రమాదం, మానుకుంటే లక్షన్నర పోతుంది అన్న మెలిక మనిషి ముందు పెడితే, ఎక్కువమంది వెళ్తారు. "అంతా సర్దుకుందంటున్నారు", "మన రూటులో గొడవల్లేవట" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుని బస్సెక్కుతారు. ఆర్గనైజర్‌కు కూడా టూరు బయల్దేరడమే లాభం. బయల్దేరాక సగంలో ఆగితే తన బాధ్యత తీరినట్టే అనుకుంటాడు. అంటే రీఫండ్ ఇవ్వనక్కర్లేదన్న అలవాటు వృద్ధులను, పిల్లలతో ఉన్నవాళ్లను కర్ఫ్యూ ఉన్న దేశంలోకి నెడుతోంది. తర్వాత వాళ్లను ప్రజల పన్ను డబ్బుతో, ప్రత్యేక విమానంలో తీసుకురావాల్సి వస్తుంది. లాభం ఒకరి జేబులో, రక్షించే ఖర్చు అందరి నెత్తిన.

8. "ప్రాణాలు దక్కాయి, చాలదా?"

ప్రాణాలు కాపాడింది సైన్యం, రాయబార కార్యాలయం, రాష్ట్ర ప్రభుత్వం, తలుపు తీసి ఆశ్రయమిచ్చిన నేపాలీ ప్రజలు. వాళ్లకు మనం రుణపడి ఉంటాం. ఆ కృతజ్ఞతను టూర్ సంస్థ తన ఖాతాలో జమ వేసుకోవడానికి వీల్లేదు. రీఫండ్ అడిగితే అక్కడి గైడ్లు, పోర్టర్ల పొట్ట కొట్టినట్టని కూడా కొందరంటారు. ఆ డబ్బు నిజంగా ముస్తాంగ్ లోయలో గుర్రం నడిపే మనిషికి చేరి ఉంటే నేనే మొదట నోరు మూసుకుంటాను. చేరిందని చూపించే రసీదు అడిగితే మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

ఏం జరగాలి

టూర్ ఆపరేటర్లకు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు మన దేశంలో స్వచ్ఛందం. ఎవరైనా ఒక బ్యానరు కట్టి, నలభై మంది దగ్గర డబ్బు వసూలు చేసి, విదేశానికి తీసుకెళ్లొచ్చు. ఇది మారాలి. విదేశీ ప్యాకేజీలు అమ్మేవాళ్లకు నమోదు తప్పనిసరి కావాలి. ప్రయాణికుల అడ్వాన్సు వేరే ఖాతాలో ఉండాలి, ఒక గ్రూపు డబ్బుతో ముందటి గ్రూపు బాకీలు తీర్చకూడదు. విదేశాంగ శాఖ ప్రయాణం వద్దని చెప్పిన రోజు నుంచి, ఆ తేదీల ప్యాకేజీలన్నిటికీ చార్జీలు లేని రద్దు హక్కు రావాలి. గడువు 14 రోజులు పెట్టండి, పోనీ 30 పెట్టండి, కానీ గడువంటూ ఉండాలి. మినహాయించుకునే ప్రతి రూపాయికీ రసీదు జతపరచాలి. వోచర్ ప్రయాణికుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు ఆర్గనైజర్ ఉన్న ఊళ్లో కాదు, మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. కార్డుతో కట్టినవాళ్లు ఆ చెల్లింపును వెనక్కి తిప్పమని (చార్జ్‌బ్యాక్) బ్యాంకును అడగండి. యూపీఐ రసీదులు, వాట్సాప్ సందేశాలు, రూట్ ప్లాన్, విదేశాంగ శాఖ సలహా వచ్చిన తేదీ, అన్నీ దాచిపెట్టండి. ఆర్గనైజర్‌కు రాసే మొదటి ఉత్తరంలో పరిహారం ఊసెత్తకండి. అందని రోజుల డబ్బు ఎంత, మినహాయింపులకు రసీదులేవి అన్న రెండు ప్రశ్నలే అడగండి. కమిషన్‌కు వెళ్లే గడువు, వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. నేపాల్ యాత్ర డబ్బు 2025 సెప్టెంబర్‌లో పోయినవాళ్లకు ఆ లెక్కన 2027 సెప్టెంబర్ దాకా సమయముంది.